నెలనెలా ఇచ్చే చిన్న చందా: సంస్థను ఎలా ఎంచుకోవాలి?



ఈ పేజీలో మనం మామూలుగా జబ్బుల గురించి, వాటి జాగ్రత్తల గురించి నేర్చుకుంటూ ఉంటాం. ఈసారి పాఠం డబ్బు గురించి. అయినా ఇది ఆరోగ్య పాఠమే. మన తిరువూరు చుట్టుపక్కల తండాల్లోనూ, మనం పేరు కూడా వినని దూరదేశపు పల్లెల్లోనూ జరిగే ఎంతో సేవ, మనలాంటి మామూలు మనుషులు నెలనెలా పంపే చిన్న మొత్తాల మీదే నడుస్తోంది.

మొదటి జీతం అందుకున్న మా నర్సులు, పింఛనుతో గడుపుకునే మాస్టార్లు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలు ఉన్న తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "మేడమ్, నెలకు రెండొందలో మూడొందలో బీదల పనికి ఇవ్వాలని ఉందండీ. ఎవరికి ఇస్తే చేరవలసిన చోటికి చేరుతుంది?"

ఫలానా సంస్థకు ఇవ్వండి అని ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే. కానీ సంస్థలు మారతాయి, నడిపే మనుషులు మారతారు. ఎంచుకునే పద్ధతి తెలిస్తే అది ఎప్పటికీ పనికొస్తుంది. కాబట్టి ఈ పాఠంలో పద్ధతి నేర్చుకుందాం.

1. చిన్నదైనా క్రమం తప్పకూడదు, ఎందుకు?

టీబీ మందు సంగతి మీకు తెలుసు. ఒక్కరోజు గుప్పెడు బిళ్ళలు మింగితే జబ్బు తగ్గదు. చెప్పిన మోతాదు, చెప్పిన వేళకు, కనీసం ఆరు నెలలు విడవకుండా వాడితే తగ్గుతుంది. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాదు, మందులకు లొంగకుండా మొండికేస్తుంది.

చందా కూడా అంతే. పల్లెలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు ప్రతి నెలా గౌరవ వేతనం కావాలి. పండుగ నెలలో వచ్చిన పెద్ద మొత్తంతో ఒక శిబిరం పెట్టవచ్చు, దుప్పట్లు పంచవచ్చు. కానీ ఆ డబ్బు చూసి ఏ సంస్థా ధైర్యంగా ఒక మనిషిని పనిలో పెట్టుకోలేదు. 20 మంది నెలకు 300 రూపాయల చొప్పున ఇస్తే 6,000 అవుతుంది. అది వచ్చే నెల కూడా వస్తుందని నమ్మకం ఉంటేనే ఒక ఊరి ఆడపిల్లకు శిక్షణ ఇచ్చి, బీపీ మిషన్ చేతికిచ్చి, "ఈ నాలుగు తండాలు నీవమ్మా" అని అప్పగించగలరు. ఆ 20 మందిలో పదిమంది నాలుగో నెలలో మానేస్తే ఆ అమ్మాయి పని పోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆమెను నమ్ముకున్న బాలింతలు, బీపీ రోగులు దిక్కులేని వాళ్ళవుతారు.

కాబట్టి మొదటి సూత్రం ఇది. ఎంత ఇవ్వగలమో చూసుకోవడం కన్నా, ఎంత అయితే ఏ నెలా ఆపకుండా ఇవ్వగలమో చూసుకోవాలి. అలా ఆపకుండా ఇవ్వాలంటే ముందే బాగా విచారించి ఎంచుకోవాలి.

2. మనం పుచ్చుకున్న వాళ్ళమే

ఈ పని మనకు కొత్త కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. స్త్రీల కోసం, పిల్లల కోసం అక్కడ ఆసుపత్రి 1898లో తెరిచారు. ఆ ఆసుపత్రికి ఆధారం అమెరికాలోని లూథరన్ సంఘాల స్త్రీలు కూడబెట్టి పంపిన చందాలు. వాళ్ళలో దాదాపు ఎవరూ గుంటూరు చూడలేదు.

విదేశాల వాళ్ళే కాదు, మన పొరుగువాళ్ళు కూడా ఇచ్చారు. 1903లో తిరునెల్వేలి తమిళ సంఘాల వారు సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకొని, మనకు దగ్గరలోని దోర్నకల్ ప్రాంతంలో పనికి డబ్బును, మనుషులను పంపారు. ఈశాన్యాన మిజోరంలో 1910 నుంచి స్త్రీలు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, దాన్ని సంఘ సేవకు ఇస్తూ వస్తున్నారు. డబ్బు లేని ఇల్లు కూడా ఇవ్వగలిగింది, ఎందుకంటే అది గుప్పెడే. పని వందేళ్ళకు పైగా నిలిచింది, ఎందుకంటే అది ప్రతిపూటా జరిగింది.

పుచ్చుకున్న వాళ్ళకే సాయం లోతుపాతులు బాగా తెలుస్తాయి. గడువు దగ్గరపడిన మందులు, విడిభాగాలు దొరకని మిషన్లు దానంగా వస్తే ఆసుపత్రికి అవి ఎంత భారమో మా స్టోర్ రూముల్లో పనిచేసిన వాళ్ళకు తెలుసు. ఈ బాధ ప్రపంచమంతటా ఉంది కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల దానానికి నియమాలు రాసింది. అవతలి వాళ్ళు అడిగినవే పంపాలి, చేరేనాటికి కనీసం ఒక ఏడాది గడువు మిగిలి ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మనం ఇచ్చేటప్పుడు ఈ అనుభవం గుర్తుంచుకుందాం.

3. అట్టడుగున పనిచేసే సంస్థ అంటే ఏమిటి?

బోర్డు మీద "గ్రామీణ" అని రాసుకున్నంత మాత్రాన సంస్థ గ్రామానిది కాదు. ఊరి మనుషులు పనిలో చేతులు పెట్టాలి, నిర్ణయంలో నోరు విప్పాలి. మూడు ఉదాహరణలు చూద్దాం.

అనంతపురం ఆర్.డి.టి. పేరు మీరు వినే ఉంటారు. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో కరువు సీమ అయిన అనంతపురంలో ఈ పని మొదలుపెట్టారు. తర్వాత 1996లో స్పెయిన్‌లో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. అక్కడి మామూలు ఉద్యోగులు, కుటుంబాలు నెలనెలా పంపే చిన్న మొత్తాలతో బత్తలపల్లి ఆసుపత్రి, బడులు, ఇళ్ళు, వికలాంగుల సేవ నడిచాయి. ఫెర్రర్ గారు 2009లో కన్నుమూశారు. పని ఆగలేదు. ఒక మనిషి పోయినా పని నిలిచిందా అన్నది మంచి పరీక్ష.

రెండవది అమెరికాలోని మన వాళ్ళ ప్రయత్నం. 1991లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రవి కూచిమంచి, తోటి విద్యార్థులు కలిసి ఎయిడ్ అనే సంస్థ ప్రారంభించారు. స్వచ్ఛంద సేవకులే ఊళ్ళలోని చిన్న సంస్థలను వెతికి, పని చూసి, సాయం చేస్తారు. మహారాష్ట్ర నర్మదా లోయలోని బిల్‌గావ్‌లో 2003లో చిన్న జలవిద్యుత్తు కేంద్రం వచ్చినప్పుడు డబ్బు బయటి నుంచి వచ్చినా, రాళ్ళు మోసి కట్టడం కట్టింది ఆ ఊరి జనమే.

మూడవది బంగ్లాదేశ్‌లో ఫజ్లే హసన్ అబెద్ 1972లో మొదలుపెట్టిన బ్రాక్. చిన్న సహాయ కార్యక్రమంగా పుట్టి, తర్వాత ఆఫ్రికా దేశాలకు కూడా వెళ్ళింది. దీని గురించి కిందనే మళ్ళీ చెప్పుకుందాం.

ఇందులో దేనికైనా ఇవ్వండి అని నేను చెప్పడం లేదు. ఏమి చూడాలో నేర్చుకోవడానికి ఇవి ఉదాహరణలు.

4. అడగవలసిన ఏడు ప్రశ్నలు

పిల్లకు సంబంధం చూసేటప్పుడు నలుగురిని వాకబు చేస్తాం. చందా ఇచ్చేముందు కూడా వాకబు చేయడం తప్పు కాదు, అనుమానించినట్లూ కాదు. మంచి సంస్థ ప్రశ్నలకు సంతోషిస్తుంది.

*మొదటి ప్రశ్న: ఊరివాళ్ళు అడిగిన పనేనా?*

2006 ప్రాంతంలో ఆఫ్రికాలో ఒక కొత్త రకం నీటి పంపుకు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. దాని పేరు ప్లేపంప్. పిల్లలు గుండ్రంగా తిరిగే ఆట చక్రం ఎక్కి ఆడుకుంటే నీళ్ళు పైకి వస్తాయి. ఫోటోల్లో ఎంతో ముచ్చటగా ఉంటుంది. విరాళాలు వరదలా వచ్చాయి. కానీ పిల్లలు రోజంతా ఆడరు కదా! చాలా చోట్ల చివరికి ఆ బరువైన చక్రాన్ని ఆడవాళ్ళే చేతులతో తిప్పవలసి వచ్చింది. పాడైతే బాగుచేసేవాళ్ళు దొరకలేదు. ముందున్న చేతిపంపే నయమన్నారు. చాలా ఊళ్ళలో ముందుగా ఆడవాళ్ళను అడగనేలేదని తర్వాత తేలింది. 2010 నాటికి ఆ పథకం నడిపిన అమెరికా సంస్థ దాన్ని వదులుకుంది.

*రెండవ ప్రశ్న: పని ఎవరి చేతుల్లో ఉంది?*

తెలంగాణను ఆనుకొని మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్ దంపతుల సెర్చ్ సంస్థ 39 ఊళ్ళలో, ఆ ఊళ్ళ స్త్రీలకే శిక్షణ ఇచ్చింది. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందని బిడ్డకు ఊపిరి పోయడం, చీము సోకిన లక్షణాలు కనిపెట్టి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పింది. 1993-95లో వెయ్యి మంది పుడితే మొదటి నెలలోపు 62 మంది పోయేవారు. 1997-98 నాటికి అది 25 దగ్గరికి తగ్గింది. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతికి ఇలాంటి పనే దారి చూపింది. బయటి నుంచి వచ్చిన డాక్టరు సాయంత్రం వెళ్ళిపోతాడు. ఊరి మనిషి అర్ధరాత్రి కూడా ఊళ్ళోనే ఉంటుంది.

*మూడవ ప్రశ్న: దేనిని లెక్క పెడుతున్నారు?*

"500 శిబిరాలు పెట్టాం, 10,000 కరపత్రాలు పంచాం" అన్నది సంస్థ చేసిన పని లెక్క. జనానికి జరిగిన మేలు లెక్క వేరు. బ్రాక్ వారి ఉదాహరణ ఇక్కడ చూడండి. 1980 నుంచి 1990 వరకు వాళ్ళ కార్యకర్తలు బంగ్లాదేశ్‌లో ఇల్లిల్లూ తిరిగి, విరేచనాలకు ఇంట్లోనే ద్రావణం కలపడం తల్లులకు నేర్పారు. మూడు వేళ్ళకు వచ్చిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. అలా కోటి 20 లక్షలకు పైగా ఇళ్ళకు వెళ్ళారు. జీతం మాత్రం ఎన్ని ఇళ్ళకు వెళ్ళారన్న దాని మీద ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత వేరే మనిషి కొన్ని ఇళ్ళకు వెళ్ళి తల్లిని అడిగేవాడు. ఆమెకు ఎంత గుర్తుంటే నేర్పిన కార్యకర్తకు అంత జీతం. మా నర్సింగ్ విద్యార్థినులకు నేను చెప్పేదీ ఇదే: నువ్వు ఏమి చెప్పావన్నది కాదు, రోగికి ఏమి అర్థమైందన్నది చూసుకో.

*నాలుగవ ప్రశ్న: కుదరని సంగతి కూడా చెబుతారా?*

అదే పనిలో మొదట్లో తల్లులు నేర్చుకున్నారు గాని, అవసరమైనప్పుడు వాడినవాళ్ళు తక్కువ. బ్రాక్ వారు దాన్ని దాచిపెట్టలేదు. కారణం వెతికారు. ఇంట్లో మగవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళకు నమ్మకం కుదరలేదు అని తెలుసుకొని, బజార్లలో, మసీదుల దగ్గర మగవాళ్ళతోనూ మాట్లాడడం మొదలుపెట్టారు. వార్షిక నివేదికలో అన్నీ విజయాలే ఉంటే అనుమానించాలి. జ్వరం చార్టులో నెల రోజులూ ఒకే అంకె ఉంటే మేము నర్సును పిలిచి అడుగుతాం, థర్మామీటరు పెట్టావా లేదా అని!

*ఐదవ ప్రశ్న: డబ్బు ఆగిపోతే పని ఏమవుతుంది?*

ఇది చాలా ముఖ్యం. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ మన దేశంలో తన పని ముగించవలసి వచ్చింది. విదేశీ విరాళాలకు ప్రభుత్వ అనుమతి దొరకకపోవడమే కారణం. దాని కింద సాయం పొందుతున్న పిల్లలు లక్షకు పైగా ఉన్నారు. మనం ఇక్కడ ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం లేదు. అంతా ఒకే పైపు మీద ఆధారపడితే ఆ పైపు మూసుకున్నరోజు ఏమవుతుందో చూస్తున్నాం.

2025లో ఆర్.డి.టి.కి కూడా విదేశీ విరాళాల అనుమతి విషయంలో చిక్కు వచ్చింది. అప్పుడు అనంతపురం సీమలో జనం పెద్ద ఎత్తున రోడ్ల మీదకు వచ్చి సంస్థకు అండగా నిలిచారు. అంతకు ముందే ఆ సంస్థ "ఇండియా ఫర్ ఇండియా" పేరుతో మన దేశంలోనే చందాలు సేకరించడం మొదలుపెట్టింది. పల్లె కుటుంబాలు కూడా ఇళ్ళలో హుండీలు పెట్టుకొని చిల్లర వేశాయి. సాయం పుచ్చుకున్న వాళ్ళే ఇవ్వడం మొదలుపెట్టారంటే ఆ పనిని తమదిగా భావించారన్న మాట. ఇంతకన్నా గొప్ప సర్టిఫికెట్ లేదు.

*ఆరవ ప్రశ్న: ఖర్చు లెక్క చూపిస్తారా?*

"మా దగ్గర ఆఫీసు ఖర్చు సున్నా, ప్రతి పైసా పేదలకే" అని ఎవరైనా అంటే సంతోషించకండి, నిదానంగా అడగండి. లెక్కలు రాసేది ఎవరు? కార్యకర్త పనిని పర్యవేక్షించేది ఎవరు? వ్యాక్సిన్ ఫ్రిజ్ కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? ఆసుపత్రిలో మందు మాత్రమే సేవ, నర్సు జీతం వృథా ఖర్చు అని ఎవరైనా అంటారా? మందు వేళకు వేసేది నర్సే కదా. కొన్ని సంస్థల్లో స్వచ్ఛంద సేవకులు ఆ పని ఉచితంగా చేస్తారు, లేదా ఒక దాత ఆ ఖర్చు వేరుగా భరిస్తారు. అలా అయితే ఆ మాటే స్పష్టంగా చెబుతారు. అయితే జీతాలు, కార్లు, సమావేశాలే సగం తినేస్తుంటే అది కూడా మంచిది కాదు. విదేశీ విరాళాలలో పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదని 2020 సవరణలో చట్టమే చెప్పింది. అంతకు ముందు ఆ హద్దు 50 శాతం ఉండేది.

*ఏడవ ప్రశ్న: పేదవాళ్ళను గౌరవంగా చూపిస్తున్నారా?*

చీమిడి ముక్కుతో ఏడుస్తున్న పిల్లవాడి ఫోటో, పక్కన అతని పూర్తి పేరు, ఊరు, తండ్రి జబ్బు. ఇలాంటి కరపత్రం చూస్తే మనసు కరుగుతుంది, నిజమే. కానీ మన బిడ్డ ఫోటో అలా వేస్తే ఒప్పుకుంటామా? రోగి వివరాలు బయట చెప్పకూడదని మేము మొదటి సంవత్సరంలోనే నేర్పుతాం. మంచి సంస్థ పనిని చూపిస్తుంది, మనిషిని బజారున పెట్టదు.

5. కాగితాలు: ఇవి తప్పక చూడండి

హృదయం మంచిదైతే చాలదు, కాగితం కూడా సరిగ్గా ఉండాలి.

* సంస్థ ట్రస్టుగానో, సొసైటీగానో నమోదై ఉండాలి. మన రాష్ట్రంలో సొసైటీలకు 2001 నాటి చట్టం ఉంది. నమోదు నంబరు అడిగితే ఇవ్వాలి. నీతి ఆయోగ్ వారి దర్పణ్ వెబ్‌సైట్‌లో కూడా సంస్థ వివరాలు వెతకవచ్చు.
* గత రెండు మూడు సంవత్సరాల ఆడిట్ రిపోర్టు అడగండి. అంకెలు అర్థం కాకపోతే బ్యాంకులో పనిచేసేవారినో, లెక్కల మాస్టారినో చూపించండి.
* డబ్బు సంస్థ పేరు మీద ఉన్న ఖాతాకే వెళ్ళాలి. ఏ కార్యదర్శిగారి సొంత ఫోన్ నంబరుకూ పంపకండి. రసీదు తీసుకోండి.
* ఆదాయపు పన్ను కట్టేవారికి, 80జి అని అందరం పిలుచుకునే మినహాయింపు ఉంది. చాలా సంస్థలకు ఇచ్చినదానిలో, ఒక పరిమితి వరకు, సగానికి మినహాయింపు వస్తుంది. 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే రాదు. కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్న వారికీ రాదు. విదేశంలో మాత్రమే నమోదైన సంస్థకు నేరుగా పంపితే కూడా రాదు. అందుకే వేరే దేశాల పనికి ఇవ్వాలనుకున్నా, ఇక్కడ నమోదైన శాఖ ఉందేమో చూడండి.

పిల్లలు విదేశాల్లో ఉన్నవారు ఈ సంగతి జాగ్రత్తగా చదవండి. ఎఫ్.సి.ఆర్.ఎ. అనే విదేశీ విరాళాల చట్టం ప్రకారం, భారతీయ పాస్‌పోర్టు ఉన్న అబ్బాయి గల్ఫ్‌లో సంపాదించిన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న అమ్మాయి పంపితే, ఆమెకు ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఆ అనుమతి లేని చిన్న సంస్థ దాన్ని తీసుకోకూడదు. అనుమతి ఉన్న సంస్థ అయినా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే మొదట తీసుకోవాలి. మంచి మనసుతో చేసిన సాయం ఆ సంస్థకు చిక్కు తెచ్చిపెట్టకూడదు కదా.

ఇంకో మార్పు కూడా 2020లో వచ్చింది. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. అంటే పెద్ద సంస్థల ద్వారా పల్లెల్లోని చిన్న సంస్థలకు ఇంతకు ముందు చేరుతున్న విదేశీ డబ్బు ఆగిపోయింది. అందువల్ల ఇక్కడ మనం ఇచ్చే 200 రూపాయల విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. వేణ్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నట్లు కాదు, కొన్నిచోట్ల ఇవే అసలు నీళ్ళు.

6. మన పక్కనే ఒక అభ్యాసం

నేర్చుకున్నది వాడి చూద్దాం. మన పక్క మండలం ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టి పీడిస్తోందో మీకు తెలుసు. కూలికి వెళ్ళే మనిషి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగితే ఆ ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక సంస్థ వచ్చి, "ఇలాంటి ఒక తండాలో నీటిశుద్ధి ప్లాంటు పెడతాం, నెలకు 300 ఇవ్వండి" అన్నదనుకోండి. ఇప్పుడు అడగండి.

తండా ఆడవాళ్ళతో మాట్లాడారా? ప్రభుత్వ మంచినీటి సరఫరా ఇప్పటికే అక్కడికి వస్తోందా? ప్లాంటు నడిపేది ఎవరు? ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చవలసి వచ్చినప్పుడు ఆ డబ్బు ఎక్కడిది? మిగిలిపోయే ఉప్పునీరు ఎక్కడికి వదులుతారు? నీటిని ఎన్ని నెలలకు ఒకసారి పరీక్ష చేయిస్తారు, ఆ కాగితం తండాలో గోడ మీద అంటిస్తారా? రెండేళ్ళ తర్వాత ప్లాంటు నడుస్తోందో లేదో మాకు రాస్తారా?

ఇంకొక సంస్థ ప్లాంటు కట్టదు. తండా అమ్మాయికే శిక్షణ ఇచ్చి బీపీ, షుగర్ చూపిస్తుంది, అనుమానం ఉన్నవారిని రక్త పరీక్షకు పంపుతుంది, ఒళ్ళునొప్పుల బిళ్ళలు ఇష్టం వచ్చినట్లు మింగవద్దని ఇంటింటికీ చెబుతుంది, డయాలసిస్ రోగుల రాకపోకలు చూసుకుంటుంది. ఫోటోలో చూపించడానికి ఏమీ ఉండదు. కానీ నెలనెలా వచ్చే చిన్న చందాలకు సరిగ్గా సరిపోయే పని ఇదే. కట్టడానికి ఒకసారి పెద్ద మొత్తం కావాలి. నడపడానికి ప్రతి నెలా చిన్న మొత్తం కావాలి. నడిపే పనికి ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ తక్కువ.

7. ఎలా మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి?

ముందు ఒక కాగితం మీద రెండు మూడు సంస్థల పేర్లు రాసుకోండి. ఏడు ప్రశ్నలూ ఫోనులోనో, ఉత్తరంలోనో అడగండి. దగ్గరలో ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. దూరదేశంలో ఉంటే నివేదిక చదవండి, అక్కడికి వెళ్ళివచ్చిన వాళ్ళను అడగండి. ఒక నెల రోజులు ఇందుకే పెట్టినా నష్టం లేదు.

తర్వాత ఒక్క సంస్థనే, మహా అయితే రెండింటినే ఎంచుకోండి. పది చోట్ల ఇరవై రూపాయల చొప్పున ఇస్తే రసీదుల ఖర్చుకే సరిపోతుంది. బ్యాంకు ద్వారానో, యూపీఐ ఆటోపే ద్వారానో జీతం పడిన మర్నాడు వెళ్ళేలా పెట్టుకోండి. డబ్బు తీసేముందు బ్యాంకు నుంచి మెసేజి వస్తుంది, చూసుకుంటూ ఉండండి. ఫోను వాడకం రానివారు నలుగురు కలిసి ఒకరి చేత జమ కట్టించి, పుస్తకంలో రాసుకోవచ్చు.

తుఫాను, వరద వచ్చినప్పుడు వేరుగా ఇవ్వండి. 1977 దివిసీమ ఉప్పెనలోనూ, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలోనూ అన్నం పొట్లాలు ప్రాణం నిలిపాయి. కానీ దానికోసం నెల చందా ఆపకండి. వరద తగ్గాక కూడా బాలింతలు ఉంటారు, బీపీ రోగులు ఉంటారు.

సంవత్సరానికి ఒకసారి కూర్చొని మళ్ళీ ఆ ఏడు ప్రశ్నలు వేసుకోండి. సంస్థ లెక్క చూపడం మానేసినా, పని దారి తప్పినా ఆపవచ్చు. మీ ఇంట్లోనే ఇబ్బంది వచ్చినా ఆపవచ్చు, అందులో సిగ్గుపడవలసింది లేదు. అప్పు చేసి చందా ఇవ్వమని ఎవరూ అడగరు. ఆపేటప్పుడు మాత్రం రెండు మూడు నెలల ముందే ఉత్తరం రాయండి. వాళ్ళు ఇంకొక దాతను వెతుక్కుంటారు, కార్యకర్త జీతం ఆగదు. చెప్పకుండా మానేయడం వేరు, చెప్పి తప్పుకోవడం వేరు.

గుర్తుంచుకోవలసినవి

1. ఆపకుండా ఇవ్వగలిగినంతే మొదలుపెట్టండి.
2. ఊరివాళ్ళు అడిగిన పని, ఊరివాళ్ళ చేతుల్లో ఉన్న పని చూసి ఇవ్వండి.
3. ఎంత పని చేశారని కాక, ఎవరికి ఏమి మేలు జరిగిందని అడగండి.
4. కాగితాలు చూడండి, రసీదు తీసుకోండి, సొంత ఖాతాలకు పంపకండి.
5. ఏడాదికోసారి తిరిగి చూడండి. ఆపవలసి వస్తే ముందే చెప్పండి.

మీ ఇంట్లో, మీ సంఘంలో చర్చించుకోండి

* మన కుటుంబం ఏ నెలా ఇబ్బంది లేకుండా ఎంత ఇవ్వగలదు?
* మనకు ఎవరైనా సాయం చేసినప్పుడు ఏది నిజంగా ఉపయోగపడింది? ఏది మూలన పడింది?
* ఇప్పుడు మనం ఇస్తున్న చోట ఈ ఏడు ప్రశ్నల్లో ఎన్నింటికి జవాబు తెలుసు?

మూడవ ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఈ వారమే ఒక ఉత్తరం రాయండి. వచ్చిన జవాబు చదివితే ఆ సంస్థ ఎలాంటిదో మీకే తెలుస్తుంది.

నర్సింగ్ సూపరింటెండెంట్
తిరువూరు